ప్రక్కనొరసిన బండి – గాయపడినవాని పరిహారము



ఇరుకు బాటలో రెండు ఎడ్లబండ్లు ఎదురైనప్పుడు తోలువా రిరువురును కొంచెము ప్రక్కకు తీసి, ఇరుసునకు ఇరుసు తగులకుండ సాగిపోవుట మీరెఱిగినదే. ఒకవేళ తగిలినను చక్రపు టంచు గీచుకొనుటతో సరిపోవుచుండెను. మోటారు వాహనముల వేగము వచ్చిన పిమ్మట ఈ యొరపు స్వరూపమే మాఱినది. రెండు వాహనములు ప్రక్కలు రాచుకొనిపోవును. రేకుమీది రంగు లేచును. కాని కిటికీకడ కూర్చున్న ప్రయాణికుని మోచేయి నలిగిపోవును. మోటారుసైకిలుమీద పోవువాని మోకాలు చితికిపోవును. వాహనమునకు తగిలిన దెబ్బ చిన్నది గావున మనుష్యునకు తగిలినదియు చిన్నదే యని చూచువారనుకొందురు. ఇద్దఱు డ్రైవర్లును తప్పు ఎదుటివానిదే యందురు. ఇట్టి చోట గాయపడినవాని గతి యేమి? ఈ ప్రశ్నకు ఏయే కాలమున ఏయే యుత్తరము లభించెనో నేడు మనవి చేయుదును.

ఈ ప్రశ్న మోటారుతో పుట్టినది కాదు. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున బండివలన కలుగు హానినిగూర్చి కొన్ని శ్లోకములు కలవు. ముక్కుత్రాడు తెగుట, కాడి విఱుగుట, ఇరుసుగాని చక్రముగాని విఱుగుట, పగ్గములు తెగుట, బండి అడ్డముగ తిరుగుట, వెనుకకు నడచుట, తోలువాడు ముందుగనే తొలగుడని కేకవేయుట మొదలగు పది సందర్భములలో దండనము లేదని యందు చెప్పబడినది. తోలువాని నేర్పులేమిచే బండి త్రోవతప్పి హాని కలిగినచో యజమానునకు 200 పణముల దండనము. తోలువాడు నేర్పరి యైనచో దండనము వానిదే. నేర్పులేనివాని చేతికి పగ్గము లిచ్చిన యజమానుడే బాధ్యుడను న్యాయము ఇందు కానవచ్చుచున్నది.

ఐతే ఆ 200 పణములు ఎవరికి చేరును? రాజునకు. గాయపడినవానికి కాదు. వానికొఱకు ఆ ప్రకరణముననే మఱొక నియమము కలదు. అంగమునకు పీడ కలిగించినను, గాయము చేసి రక్తము వచ్చునట్లు చేసినను, వాడు తిరిగి స్వస్థుడగు వఱకైన వ్యయమును హాని చేసినవాడే యీయవలెను. యాజ్ఞవల్క్యస్మృతియు ఇట్లే చెప్పినది. దీనికి సముత్థానవ్యయమని పేరు. అనగా పడినవాడు మరల లేచుట కగు ఖర్చు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య రచించెను. దాని ననుసరించి 13వ శతాబ్దమున కేతన తెనుగున విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రగ్రంథమును పద్యములలో కూర్చెను. తెనుగువాడు తన భాషలోనే న్యాయము చదువుకొనుటకు ఆనాడే యవకాశము కలిగినదన్నమాట.

బ్రిటిషు పరిపాలన నెలకొన్న పిమ్మట మన న్యాయస్థానముల కాదర్శమైనది ఇంగ్లండు న్యాయము. అచటి చరిత్ర విచిత్రమైనది. 1808లో ఒక దంపతులు గుఱ్ఱపుబండిమీద ప్రయాణము చేయుచుండగా బండి తలక్రిందైనది. భర్తకు గాయములు, భార్య ఇంచుమించు నెలదినములు ఆసుపత్రిలో నుండి మరణించెను. భర్త దావా వేసెను. తన గాయములకును, ఆమె జీవించియున్న దినములలో తాను పొందిన నష్టమునకును మాత్రమే పరిహారము పొందవచ్చుననియు, ఆమె మరణమునకు సివిలు కోర్టులో పరిహారము లేదనియు ఎలెన్‌బరో ప్రభువు నిర్ణయించెను. అనగా మనుష్యుని గాయపఱచినవాడు సొమ్ము చెల్లింపవలెను. చంపినవానికి ఆ బాధ లేదు! ఈ యన్యాయమును 1846లో ఇంగ్లండు పార్లమెంటు తొలగించెను. 1855లో మన దేశమునకును అట్టి చట్టమే వచ్చి, మృతుని భార్యకును, భర్తకును, తల్లిదండ్రులకును, బిడ్డలకును పరిహారపు హక్కు నిచ్చెను.

మఱొక చిక్కు ఉండెను. గాయపడినవాని తప్పు రవంతయున్నను వానికి దమ్మిడీయైన రాదని పూర్వపు సూత్రము. దీనిని కొంత సడలించినది ఒక గాడిద కథ. ఒకడు తన గాడిద ముందుకాళ్లకు బంధము వేసి రహదారిమీదికి విడిచెను. వేగముగ వచ్చిన బండి దానిని త్రొక్కి చంపెను. గాడిదను అట్లు విడుచుట తప్పే యైనను, తగు జాగ్రత్తతో తోలినచో బండివాడు దానిని తప్పింపగలిగెడివాడు గావున అతడే బాధ్యుడని 1842లో తీర్పు వచ్చెను. తుదకు 1945లో, ఎవరి తప్పు ఎంతయో అంతమేరకే పరిహారము తగ్గింపవలెనని ఇంగ్లండులో చట్టము చేసిరి.

ఇంతలో మన బాటలమీదికి మోటారులు వచ్చినవి. 1914లో భారతదేశమున మోటారు వాహనముల చట్టము పుట్టినది. 1932లో నిజాము రాజ్యమున ప్రభుత్వమే 27 బస్సులతో ప్రయాణసౌకర్యము నారంభించెను. డ్రైవరు బీదవాడైనచో తీర్పు గెలిచినను సొమ్ము రాదు గదా! అందుచే 1939 నాటి క్రొత్త చట్టమున ఇతరులకు కలుగు హానికై ప్రతి వాహనమునకును బీమా ఉండవలెనని విధించిరి. ఆ భాగము 1946 జూలై 1 నుండి యమలులోనికి వచ్చినది. గాయపడినవారు సాధారణ సివిలు కోర్టులలో సంవత్సరములు గడపనక్కఱలేకుండ ప్రత్యేక ట్రిబ్యునళ్ల నేర్పఱచుటకు 1956 నాటి సవరణము దారి చూపెను.

ఇక ప్రక్కనొరసిన బండి విషయము. బస్సు కిటికీమీద మోచేయి ఆనించి కూర్చున్న ప్రయాణికురాలికి ఎదురుగ వచ్చిన లారీ తగిలి గాయమైనది. చేయి బయట పెట్టుట ఆమె తప్పు గాదా యని వాదము వచ్చెను. కిటికీకడ కూర్చున్నవారు అట్లు చేయి ఆనించుట లోకములో సహజమనియు, ఇతర వాహనములను దాటునప్పుడు డ్రైవరు అట్టివారినిగూడ మనసున నుంచుకొని తగినంత యెడము విడువవలెననియు మధ్యప్రదేశ్ హైకోర్టు నిర్ణయించెను. ఈ తీర్పు 1974 నాటి న్యాయనివేదికలలో ప్రచురింపబడినది. ఇద్దఱు డ్రైవర్లును తప్పు చేసినచో, తన తప్పేమియు లేని ప్రయాణికుడు వారిలో ఏ యొక్కనినుండి యైనను పరిహారమంతయు పొందవచ్చుననియు, పంపకము వారిద్దఱును పిదప తేల్చుకొనవలెననియు 2015లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను.

గాయమునకు వెల కట్టుట యెట్లు? 2011లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రము గమనింపదగినది. ఎడమచేయి పోయినది ఇద్దఱికి. ఒకడు వడ్రంగి, మఱొకడు గుమాస్తా. వైద్యుని లెక్కలో అంగవైకల్యము ఒక్కటే. కాని వడ్రంగి జీవనాధారము దాదాపు పూర్తిగ పోవును. గుమాస్తా ఉద్యోగము నిలువవచ్చును. కావున శరీరమున నూటికెంత పోయినదని గాక, సంపాదనలో ఎంత పోయినదని చూడవలెను. వార్షిక నష్టమును వయస్సు ననుసరించిన గుణకముచే హెచ్చింపవలెనని 2009 నాటి తీర్పు. నలుబదేండ్లవానికి గుణకము 15. అట్టివాడు ఏటికి 30,000 రూపాయల సంపాదన కోల్పోయినచో, ఆ పద్దు క్రిందనే 4,50,000 రూపాయలగును; వైద్యపుఖర్చు వేఱు, బాధకు వేఱు.

తప్పు ఎవరిదో ఋజువు చేయలేని బీదలకొఱకు, ఋజువుతో పనిలేని నియతపరిహారము 1982లో చట్టమున చేరినది. 2022 ఏప్రిల్ 1 నుండి అట్టి పరిహారము మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు 2½ లక్షలు. ఒరసి పాఱిపోయిన వాహన మేదో తెలియనిచో, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రత్యేకనిధినుండి లభించును. 2025లో ప్రకటింపబడిన పథకము ననుసరించి, ప్రమాదమున గాయపడినవానికి నిర్ణీత ఆసుపత్రులలో ఏడుదినములవఱకు 1½ లక్షల రూపాయల చికిత్స సొమ్ము చెల్లింపకయే జరుగవలెను. నాటి సముత్థానవ్యయమే ఇది. గాయపడినవాడు తన్ను కొట్టిన బండివాని దయకై కనిపెట్టుకొని యుండనక్కఱలేదు.

పెద్దలారా! ఇంత చరిత్ర చెప్పుటకు కారణమొకటి కలదు. బండి ఒరసిన మఱునాడు తగవు రచ్చబండకు వచ్చును. తీర్పరులు మీరే. వాహనముమీది గీతను చూచి, నాలుగువేలో అయిదువేలో ఇప్పించి, కాగితముమీద వేలిముద్ర వేయించుట సుళువు. కాని నలిగిన మోచేయి మరల వంగునో వంగదో తెలియుటకు నెలలు పట్టును. చేయి పట్టు తప్పిన కూలివానికి ఆ నాలుగువేలు ఎన్ని దినములు వచ్చును? కావున మొదట వానిని ఆసుపత్రికి పంపుడు. గాయము వ్రాతపూర్వకముగ నమోదగునట్లు చూడుడు. పోలీసుఠాణాలో ఫిర్యాదు చేయింపుడు. పరిహారపు దరఖాస్తునకు 2022 నుండి ఆరునెలల గడువు చట్టమున చేరినది గావున కాలయాపనము చేయనీయకుడు. ఊరిలో శాంతి నిలుపుట మీ ధర్మమే. ఆ శాంతికి మూల్యము గాయపడిన వాడొక్కడే చెల్లింపకుండ చూచుటయు మీ ధర్మమే.