స్క్రాప్ దుకాణం దాకా వచ్చిన సీసియం

మన నార్కట్‌పల్లి నుంచి హైవే మీద ఎటు పోయినా ఎక్కడో ఒకచోట స్క్రాప్ దుకాణం కనిపిస్తది. ఇయ్యాల కథ అట్లాంటి దుకాణంలోనే మొదలైతది.

2020 జనవరి. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ వాళ్ల సీసియం-137 డబ్బా ఒకటి మాయమైంది. చమురు బావుల్లో రాతి పొరల సాంద్రత కొలవడానికి దాన్ని వాడతారు. పోలీసులు వెతగ్గా వెతగ్గా, కృష్ణా జిల్లాలో ఒక స్క్రాప్ దుకాణంలో దొరికింది. అదృష్టం, ఎవరూ పగలగొట్టలేదు.

పగలగొడితే ఏమయ్యేది? అది చెప్పే ముందు, అసలు సీసియం ఏంటి?

1860లో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ ఊటనీళ్లను పరీక్షిస్తే కొత్త నీలిరంగు గీతలు కనిపించినయ్. అందుకే లాటిన్‌లో ఆకాశనీలం అనే అర్థంతో ఆ పేరు. 28.5 డిగ్రీలకే కరుగుతది, నీళ్లు తగిలితే పేలుతది. ప్రకృతిలో దొరికేది సీసియం-133, దానికి రేడియేషన్ లేదు. 1967 నుంచి ప్రపంచమంతా ‘ఒక సెకను’ లెక్క దానిమీదే. మీ ఫోన్‌లో టైమ్ వెనక ఉన్నది ఆ లెక్కే.

137 వేరే కథ. అది అణు రియాక్టర్లలో పుడతది. సగం తగ్గడానికే 30 ఏళ్లు. పంపే గామా కిరణాలతో క్యాన్సర్ చికిత్స చేయొచ్చు, మనిషి ప్రాణమూ తీయొచ్చు.

1987 సెప్టెంబర్, బ్రెజిల్‌లో గోయానియా. మూతపడ్డ క్యాన్సర్ క్లినిక్‌లో వదిలేసిన మెషీన్ భాగాన్ని ఇద్దరు స్క్రాప్ కింద అమ్మేసిండ్రు. లోపలి పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే దుకాణం ఓనర్ మురిసిపోయి చుట్టాలకూ దోస్తులకూ పంచిండు. ఆరేళ్ల పాప ఆ పొడి అంటిన చేతులతోనే అన్నం తిన్నది. శరీరం సీసియాన్ని పొటాషియం అనుకుని కండరాల్లోకి తీసుకుంటది, అదే ప్రమాదం.

ఇంట్లో వాళ్లకు వాంతులైతుంటే అనుమానం వచ్చింది ఓనర్ భార్యకు. ఆ ముక్కను సంచిలో వేసుకుని, బస్సెక్కి ఆరోగ్య కార్యాలయానికి తీసుకుపోయింది. అట్లా బయటపడింది. లక్షా 12 వేల మందిని పరీక్షిస్తే 249 మందికి అంటుకున్నట్టు తేలింది. ప్రష్యన్ బ్లూ మందు చాలామందిలో సీసియాన్ని బయటికి పంపింది. కానీ నలుగురు చనిపోయిండ్రు. ఆ పాపా, ఓనర్ భార్యా వాళ్లలోనే ఉన్నరు.

రెండు చోట్లా డబ్బా స్క్రాప్ దుకాణానికే చేరింది. ఒకచోట మూత తెరుచుకుంది, ఇంకోచోట తెరుచుకోలేదు. తేడా అంతే.

పసుపు మీద మూడు నల్ల రెక్కల గుర్తు కనిపిస్తే ముట్టుకోకండి, దూరం జరిగి 112కి కాల్ చేయండి. మీ ఏరియాలో పాత ఇనుము కొనే అన్నకు ఈ గుర్తు ఒక్కసారి చూపించండి. మనకన్నా ముందు దాన్ని చేతుల్లోకి తీసుకునేది ఆయనే.