ఉసిరి నీడన బంతి భోజనం

కార్తీక వనభోజనంలో భోజనం రెండోది. ముందు చెట్టుకు పూజ. ఉసిరి మొదలు చుట్టూ ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, మానుకు పసుపు కుంకుమలు పెడతారు. కాయ పైభాగాన్ని గుండ్రంగా చెక్కి, ఆ గుంటలో నెయ్యి పోసి, పువ్వొత్తి వెలిగిస్తారు. ప్రదక్షిణలు అయ్యాకే మూడు రాళ్ల పొయ్యి మీది వంట విస్తట్లోకి వస్తుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల బత్తాయి, మామిడి తోటల్లోనూ వరస ఇదే.

కార్తీకమే ఎందుకంటే, అప్పటికి వానలు వెనకపట్టి నేల ఆరుతుంది. చలి ఇంకా ముదరదు. ఉసిరి కాయ చేతికొచ్చేది ఆ రోజుల్లోనే. స్కాంద పురాణంలోని కార్తీక మాహాత్మ్యం ధాత్రి, అంటే ఉసిరి, నీడలో భోజనాన్ని పుణ్యంగా చెప్పింది. క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసికోటలో ఉసిరి కొమ్మ గుచ్చి పూజించడం కూడా ఈ మాసపు ఆచారమే.

ఈ చెట్టు మీద గౌరవం చాలా పాతది. తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యుల కాలం నాటి, 7, 8 శతాబ్దాల నవబ్రహ్మ ఆలయాల్లో ఎక్కువ గుళ్ల శిఖరాలు చూడండి. కొసన గాళ్లు గాళ్లుగా చెక్కిన గుండ్రటి రాయి ఉంటుంది. శిల్పులు దాన్ని ఆమలకం అన్నారు, ఉసిరికాయ పేరే అది. అంతకంటే పాత కథ బౌద్ధుల అశోకావదానంలో ఉంది. అధికారం చేజారిన చివరి రోజుల్లో అశోకుడి దగ్గర సగం ఉసిరికాయే మిగిలింది. దాన్ని కుక్కుటారామ విహారానికి పంపితే, భిక్షువులు నూరి పులుసులో కలిపి సంఘమంతా పంచుకున్నారట. ఉసిరి గురించి ఇంతకన్నా గొప్ప కథ నేను వినలేదు.

తోటలో కూడి తినే ముచ్చటకు మనకు బమ్మెర పోతన ఉన్నాడు. ఆయన భాగవతం దశమ స్కంధంలో గొల్లపిల్లలు కృష్ణుడి చుట్టూ చేరి, ఊరగాయలతో ఒకరినొకరు ఊరిస్తూ చల్దులు తింటారు. అలాంటి బంతిని కులానికొకటిగా విడగొట్టి, సంఘం పేరున బ్యానర్ కట్టి వనభోజనం అనడం నాకు మింగుడుపడదు.

చెట్టుకు పండగ చేసేది మనమొక్కరమే కాదు. ఇంగ్లండులోని సోమర్సెట్ పల్లెల్లో నడిచలికాలంలో, జనవరి 17 రాత్రి, ఆపిల్ చెట్ల వేళ్లకు సైడర్ (పులిసిన ఆపిల్ రసం) పోసి, కొమ్మలకు కాల్చిన రొట్టెముక్కలు తగిలించి, తుపాకులు పేలుస్తారు. 1752లో క్యాలెండర్ మారినా పాత లెక్కనే పట్టుకున్నారు కాబట్టి ఆ తేదీ. వాళ్లు రాబోయే కాపు కోసం చెట్టును నిద్రలేపుతారు. మనం చేతికొచ్చిన కాయకు దండం పెడతాం.

దండం పెట్టడానికి చెట్టుండాలి కదా. హైదరాబాద్–విజయవాడ రహదారి పొడుగునా చేన్లు ప్లాట్లయ్యాయి. బోర్లు ఎండి బత్తాయి తోటలు కొట్టేసుకున్న రైతులు నల్లగొండ జిల్లాలో ఎందరో. తోట దొరకనివాళ్లు ఫంక్షన్ హాల్లో కుండీలో కొమ్మ నిలిపి కానిచ్చేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఉసిరి మొండి చెట్టు. మన ఎర్ర చల్కల్లో తక్కువ నీటితో బతుకుతుంది. విత్తు మొక్కయితే ఏడెనిమిదేళ్లు ఆగాలి గానీ, అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుంది. వచ్చే వానకాలం గట్టు మీదో, బడి ఆవరణలోనో ఒక అంటు నాటండి. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయండి.