వెలిగే జల్లెడ

నీళ్ళలో కలిసిన సీసానికి, పాదరసానికి రంగుండదు, వాసనుండదు. మరి వాటి ఆచూకీ ఎవరు చెప్పారయ్యా అంటే, ముందు పిల్లులు, తరవాత పసిపిల్లలు.

జపాన్‌లో మినమాత అని సముద్రం ఒడ్డున ఒక ఊరు. 1950ల్లో అక్కడ పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయేవి. చిస్సో ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకీ, వాటిని తిన్న పిల్లుల్లోకీ, మనుషుల్లోకీ చేరింది. 1956లో ఈ వింత జబ్బు గురించి అధికారులకు చెప్పింది ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రే. 1959లో అక్కడి డాక్టరు హొసొకవ ఫ్యాక్టరీ మురుగునీళ్ళు కలిపిన తిండి ఒక పిల్లికి పెట్టి చూశారు. దాని నంబరు 400. దానికీ అదే జబ్బు! కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. ప్రభుత్వం కారణం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. తెలిసినవాళ్ళు లేక కాదండీ, పరీక్ష చేసే సాధనం జాలరి చేతిలో లేక.

ఇక్కడ మిషిగన్‌లో ఫ్లింట్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2014లో ఊరికిచ్చే నీళ్ళు మార్చారు, పాత గొట్టాల్లోని సీసం కరిగింది. 2015లో పిల్లల రక్తంలో సీసం పెరిగిందని ఒక పిల్లల డాక్టరు లెక్కలు చూపాకగానీ పెద్దలు కదల్లేదు. అప్పటి హద్దు నూరు కోట్ల పాళ్ళకు 15 పాళ్ళు. అంత తక్కువని కంటితో పట్టడం ఎలా?

వెలుగుతో పట్టొచ్చు. క్వినైన్ ద్రావణం కంటికి కనపడని అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుందని, ఆ మెరుపెందుకో 1852లో స్టోక్స్ వివరించారు. దీనికి జోడైన రెండో సంగతి సూక్ష్మమైన పందిరి. లోహపు అణువులు ముడులు, కర్బన అణువులు వాసాలు, మధ్యంతా ఖాళీ గదులు. ఆస్ట్రేలియాలో రాబ్సన్, జపాన్‌లో కితగావ, అమెరికాలో యాగీ ఇలాంటివి కట్టారు. 2025లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. వాసాలకు మెరిసే అణువులు వాడితే పందిరే వెలుగుతుంది. పాదరసం గదిలో దూరి అంటుకుంటే వెలుగు తగ్గుతుంది, కొన్నిట్లో పెరుగుతుంది. ఎంత మారిందో కొలిస్తే ఎంత విషముందో తెలుస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. తొలినాటి పందిళ్ళలో పేరుమోసిన మాఫ్-5 తేమకే కూలిపోతుంది. నీళ్ళు పరీక్షించేది నీళ్ళకి ఆగకపోతే ఎలా! 2008లో ఓస్లోలో జిర్కోనియంతో గట్టివి చేశారు. ఇనుము, రాగి కూడా వెలుగుని తగ్గిస్తాయి, అది ఇంకా పెద్ద తలనొప్పి. అందుకే ఇవి ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

మీ ఇల్లు 1986కి ముందు కట్టిందయితే, కుళాయి 6 గంటలు తిప్పకుండా ఉంచి, మొదట వచ్చిన నీళ్ళు సీసాలో పట్టి, గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపండి. ఉంటానండీ.