బ్యాటరీని ప్రశ్నించు విధము: దాని పూర్వకథ



నేటి ప్రసంగమును నా పొరపాటు నొకదానిని చెప్పి యారంభించెదను. నా ల్యాప్‌టాప్ కంప్యూటరుపై మా గ్రామచరిత్ర వ్రాసికొనుచుంటిని. బ్యాటరీ నూటికి నూరు పాళ్లు నిండినదని తెర చూపెను. గంట గడువకమునుపే యంత్రము ఆరిపోయెను. భద్రపరచని రెండు పుటలు పోయినవి. నా మనుమడు ఆటలాడుచు దానిని చెరచెనని తలచి గట్టిగా మందలించితిని. వాడు కాదన్నను వినలేదు. మరునాడు, కంప్యూటరు విద్య నేర్చిన నా పూర్వశిష్యుడొకడు వచ్చి, “మాస్టారూ, దేనిలో నూరు పాళ్లు?” అని యడిగెను. ఆ ప్రశ్నవలన నేను తెలిసికొన్న చరిత్రయే యిది.

1800లో ఇటలీ దేశీయుడైన వోల్టా, రెండు విధములైన లోహపు బిళ్లల నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలుంచి పేర్చిన తొలి బ్యాటరీని లోకమునకు ప్రకటించెను. ఆ దొంతరకు శక్తి నిచ్చుట తెలియును గాని, తనయందెంత మిగిలెనో చెప్పు నోరు లేదు. ఆ నోరు వచ్చుటకు రమారమి రెండువందల యేండ్లు పట్టెను.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను ఆపరేటింగ్ సిస్టమునకు నాంది పలికిరి. ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరులోని పెత్తనదారు. వారు ప్రతి పరికరమును ఒక దస్త్రమువలె భావించి, తెరచుట, చదువుట, వ్రాయుట అను పనులతోనే వ్యవహారము నడపదలచిరి. కాని పరికరమునకు అక్షరములు పంపుట వేరు, దాని స్థితి నడుగుట వేరు. అందులకై 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పున ‘ఐఓసీటీఎల్’ అను పిలుపు వచ్చెను.

ఇది కచేరిలో అర్జీ యిచ్చుట వంటిది. రైతు రికార్డు గదిలోనికి పోరాదు. ఫలాని పరికరము, ఫలాని నెంబరు ప్రశ్న, జవాబు వ్రాయుటకు ఖాళీ కాగితము, ఈ మూటిని లోపలి గుమాస్తా చేతి కీయవలెను. ఆ గుమాస్తాకే డ్రైవరని పేరు.

చేతసంచిలో మోయు కంప్యూటర్లు వచ్చిన పిమ్మట బ్యాటరీని గూర్చియు ఇట్టి ప్రశ్నలు పుట్టెను. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్టు సంస్థలు ‘ఏపీఎం’ అను కట్టడిని వెలువరించెను. 1995లో డ్యూరాసెల్, ఇంటెల్ సంస్థలు తన లెక్క తానే చెప్పుకొను బ్యాటరీకి నియమములు వ్రాసెను. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా సంస్థలు కలిసి ‘ఏసీపీఐ’ని ప్రకటించెను.

విండోసు పద్ధతిలో మూడు ప్రశ్నలు క్రమముగా నడుగవలెను. మొదటిది: “నీ గుర్తు సంఖ్య యేది?” రెండవది, ఆ సంఖ్యను చూపి: “నీవు తయారైనప్పటి పరిమాణమెంత? నేడు పూర్తిగా నింపిన నెంత పట్టుదువు?” మూడవది: “ఇప్పుడెంత మిగిలినది? ఏ వేగమున ఖర్చగుచున్నది?” నడుమ బ్యాటరీని తీసి వేరొకటి పెట్టినచో పాత సంఖ్య చెల్లదు, పిలుపు విఫలమగును. ధర్మిని నిర్ణయింపక ధర్మమును విచారింపరాదని తర్కశాస్త్రము చదివినవారెల్ల నెరుగుదురు. ఆ మర్యాదయే యిచ్చటను గలదు.

లినక్సులో నేడు మరియొక విధము చూతుము. బ్యాటరీ లెక్కలు చిన్న చిన్న దస్త్రములుగా నుండును, చదివినంతనే తెలియును. కథ తిరిగి యూనిక్సు తొలి భావమునకే చేరినది.

నా శిష్యుడు ఆ ప్రశ్నల నన్నిటిని యంత్రముచేత నడిగించి చూపెను. నా బ్యాటరీ నేడు పట్టునది, తయారైనప్పటి పరిమాణములో సగమునకు తక్కువ. తెరపై నూరని చూపినది అబద్ధము కాదు. అది నేటి నిండుదనములో నూరు. పూడిక పడిన చెరువు అలుగు పారినను పూర్వపు ఆయకట్టును తడుపజాలదు. నిండితివా యన్న నిండితిననియే చెప్పును. ఎన్ని యెకరములు తడుపుదువని యడిగిననాడే నిజము బయటపడును.

ఆ సాయంకాలము మనుమని పిలిచి నా తప్పు నొప్పుకొంటిని. బడిలో ఏండ్ల తరబడి పిల్లలను ప్రశ్నలడిగినవాడను. ఇంట అడుగవలసిన ప్రశ్న నడుగకయే శిక్ష విధించితిని. నా తరువాత తీర్పు చెప్పబోవు పెద్దలెవరైన నీ మాట జ్ఞాపకముంచుకొందురని యాశించుచు సెలవు తీసికొనుచున్నాను.