కాన్పులో ఎపిడ్యూరల్: భయాలు, ప్రమాదాలు

కాన్పు నొప్పులు తగ్గించడానికి నడుము భాగంలో వెన్నెముకల సందులోంచి సన్నని గొట్టం లోపలికి పంపి, దాని ద్వారా కొద్దికొద్దిగా మత్తుమందు ఇచ్చే పద్ధతి ఎపిడ్యూరల్. తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ కిందికి దిగుతున్న ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి మాత్రం చాలావరకు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణి నొప్పి తగ్గించమని కోరితే దీన్ని ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి ప్రసవ సంరక్షణ మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. హైదరాబాద్ తూర్పు వైపు దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తా దాకా ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్‌హోమ్‌లు బారులు తీరి ఉన్నాయి. అక్కడ దీన్ని ‘పెయిన్‌లెస్ డెలివరీ’ అంటారు. ఇళ్లలో మాత్రం ‘నడుములో సూది’ అనే అంటారు, భయమంతా ఆ మాటతోనే మొదలవుతుంది.

విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్బీ నగర్ దగ్గరే నగరంలో కలుస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండల నుంచి వచ్చేవారికి ఇది నగరపు గడప. ప్రభుత్వ వైద్యం కావాలనుకున్నవారు వనస్థలిపురం, మలక్‌పేట ఏరియా ఆసుపత్రులకో, ఇంకాస్త ముందుకు కోఠి సుల్తాన్‌బజార్, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రులకో వెళతారు. తొలి కాన్పు పుట్టింటివాళ్లే చేయించడం ఆనవాయితీ గనక కూతురి వెంట తల్లి ఉంటుంది, చాలాసార్లు పిన్నో పెద్దమ్మో కూడా ఉంటుంది. అంగీకార పత్రం మీద సంతకం భర్త చేసినా, ‘వద్దమ్మా, జన్మంతా నడుము నొప్పి పట్టుకుంటుంది’ అన్న మాట మాత్రం ఈ పెద్దవాళ్ల నోటి నుంచే వస్తుంది. దాన్ని మూఢనమ్మకమని తోసేస్తే అన్యాయం. దాని వెనుక అనుభవం ఉంది. అయితే అది ఎపిడ్యూరల్ అనుభవం కాదు.

రెండు సూదులు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం సగటు 21.5 శాతమే. అంటే ఇక్కడి తల్లుల్లో నడుముకు సూది వేయించుకున్నవారు చాలామంది దాన్ని వేయించుకున్నది ఆపరేషన్ బల్ల మీద. ఆ సూది పేరు స్పైనల్.

రెంటికీ తేడా ఉంది. వెన్నుపామును, దాని నరాలను చుట్టి డ్యూరా అనే పొర ఉంటుంది, లోపల వెన్నుద్రవం ఉంటుంది. స్పైనల్‌లో చాలా సన్నని సూదితో ఆ పొరను కావాలనే దాటి, ద్రవంలోకి మందు ఒకేసారి వదులుతారు. నిమిషాల్లో నడుము కింది భాగం మొద్దుబారిపోతుంది, కాళ్లు కదలవు. ఎపిడ్యూరల్‌లో సూది కొంచెం లావుగా ఉంటుంది గానీ పొర బయటే ఆగిపోతుంది. సూది తీసేసి సన్నని గొట్టాన్ని అక్కడ వదిలి, బ్యుపివకైన్ లేదా రోపివకైన్‌ను బాగా పలుచన చేసి, కాస్త ఫెంటనిల్ కలిపి, కాన్పు అయ్యేదాకా ఇస్తారు. మందు పట్టడానికి దాదాపు 20 నిమిషాలు కావాలి. పెద్దవారిలో వెన్నుపాము నడుము ఎముకల్లో ఒకటి, రెండు ఎముకల స్థాయికే ముగుస్తుంది. సూది వేసేది అంతకంటే కిందనే, ఎక్కువగా మూడు, నాలుగు ఎముకల మధ్య. ‘సూది వెన్నుపాములో గుచ్చుకుంటుంది’ అన్న భయానికి జవాబు ఇదే.

‘వెన్నుకు సూది వద్దు’ అని ఎపిడ్యూరల్‌ను కాదన్న కుటుంబం, అర్ధరాత్రి ‘నొప్పులు పడలేకపోతోంది, ఆపరేషన్ చేసేయండి’ అని తానే అడిగితే, ఒక పొర లోపలికి వెళ్లే సూదికి ఒప్పుకున్నట్టే. పైగా పొట్ట మీద కోత, కుట్లు, తర్వాతి కాన్పు మీద దాని నీడ. ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునేవారి సంగతి వేరు. నొప్పికి జడిసి ఆపరేషన్ కోరే అమ్మాయికి ఈ తేడా నెలలు నిండకముందే ఎవరో ఒకరు విడమరిచి చెప్పి తీరాలి.

నడుము నొప్పి

సూది వేసిన చోట కొద్దిరోజులు నొప్పి, వాపు ఉండవచ్చు, అది నిజం. ఏళ్ల తరబడి నొప్పి అన్న అనుమానానికి వైద్య సాహిత్యంలోనూ ఒక మూలం ఉంది. 1990లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 11,701 మంది తల్లులను ప్రశ్నావళితో అడిగితే, ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో 18.9 శాతం, తీసుకోనివారిలో 10.5 శాతం దీర్ఘకాలిక నడుము నొప్పి చెప్పారు. అది ఎప్పుడో జరిగిన కాన్పులను గుర్తుచేసుకుని చెప్పిన లెక్క. తర్వాత తల్లులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి గమనించిన పరీక్షల్లో ఆ తేడా నిలవలేదు. 11,000 మందికి పైగా తల్లులున్న 40 పరీక్షలను కలిపి చూసిన 2018 కాక్రేన్ సమీక్ష కూడా ఎపిడ్యూరల్ వల్ల దీర్ఘకాలిక నడుము నొప్పి పెరగదనే తేల్చింది.

మరి నొప్పి ఎందుకు? గర్భంలో హార్మోన్ల వల్ల నడుము, కటి కీళ్ల బంధనాలు సడలుతాయి. బరువు ముందుకు లాగి నడుము వంపు పెరుగుతుంది. సిజేరియన్ అయితే కడుపు కండరాలు బలహీనపడతాయి. ఆపైన వంగి కూర్చుని పాలివ్వడం, నిద్ర లేకపోవడం, మూడో వారానికే ఇంటిపనిలో పడటం ఉంటాయి. నొప్పి నిజమైనదే. దానికి సూదిని నిందించి ఊరుకుంటే వ్యాయామం, విశ్రాంతి వంటి అసలు వైద్యం ఆ బాలింతకు అందదు.

కాళ్లు పడిపోతాయన్న భయం

దీనికీ ఒక చరిత్ర ఉంది. 1947 అక్టోబరు 13న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో చిన్న ఆపరేషన్లకు వచ్చిన వూలీ, రో అనే ఇద్దరు పురుషులకు స్పైనల్ ఇచ్చాక కాళ్లు శాశ్వతంగా పడిపోయాయి. మందు సీసాలను నిల్వచేసిన ఫినాల్ కంటికి కనబడని పగుళ్ల గుండా లోపలికి చేరిందని అప్పట్లో కోర్టు భావించింది. సూదులు మరిగించే పాత్రలో మిగిలిపోయిన ఆమ్లం కారణం కావచ్చని తర్వాతి వైద్యులు వాదించారు. ఏదైనా అది కలుషితం వల్ల వచ్చిన విపత్తే. ఒకసారి వాడి పారేసే సామగ్రి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. కానీ ఆ కేసు వెన్ను మత్తు మీద వేసిన మచ్చ దశాబ్దాలు మాయలేదు.

బ్రిటన్‌లోని ప్రసూతి మత్తు వైద్యుల సంఘం తల్లుల కోసం రూపొందించిన సమాచార పత్రంలోని అంచనాలు ఇవి. మందు సరిగా పనిచేయకపోవడం 8 మందిలో ఒకరికి, బీపీ గణనీయంగా పడిపోవడం 50 మందిలో ఒకరికి, తీవ్రమైన తలనొప్పి 100 మందిలో ఒకరికి. కాలిలో కొంత చోటు మొద్దుబారడం, కొద్దిగా బలం తగ్గడం వంటి తాత్కాలిక నరాల ఇబ్బంది వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. అది ఆరు నెలలు దాటి ఉండటం 13,000 మందిలో ఒకరికి. చీము గడ్డ 50,000లో ఒకరికి, వెన్నులో రక్తం గడ్డకట్టడం 1,70,000లో ఒకరికి, పక్షవాతం వంటి తీవ్ర హాని 2,50,000లో ఒకరికి.

ఇవి మత్తు డాక్టరు, మంత్రసాని, పరికరాలు రాత్రీపగలూ అందుబాటులో ఉండే వ్యవస్థలోని లెక్కలన్నది మరచిపోకూడదు. ఏ ఆసుపత్రైనా వాటిని చూపించి ధైర్యం చెబితే, ఆ ఏర్పాట్లు తన దగ్గర ఉన్నాయో లేదో కూడా చెప్పాలి.

తలనొప్పి సంగతి వివరంగా చెప్పుకోవాలి. పొర బయట ఆగాల్సిన సూది అనుకోకుండా పొరను దాటితే వెన్నుద్రవం కారి, ఒకటి రెండు రోజుల్లో విపరీతమైన తలనొప్పి వస్తుంది. కూర్చుంటే, నిలబడితే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. బాలింతకు గాలి తగిలిందనో, నిద్ర చాలలేదనో ఇంట్లో సర్దిచెప్పి ఊరుకోకూడదు. మాత్రలకు లొంగకపోతే తల్లి చేతి నుంచి తీసిన సుమారు 20 మిల్లీలీటర్ల రక్తాన్ని అదే చోట ఎక్కించి చిల్లును మూస్తారు. చాలామందికి గంటల్లోనే ఉపశమనం దొరుకుతుంది.

ఆపరేషన్, బిడ్డ

ఎపిడ్యూరల్ తీసుకుంటే సిజేరియన్ తప్పదన్నది ఇక్కడ బలంగా ఉన్న నమ్మకం. పరీక్షల ఫలితం అది కాదని కాక్రేన్ సమీక్ష చెప్పింది. నొప్పుల మొదట్లోనే ఇచ్చినా సిజేరియన్లు పెరగలేదని 2005లో అమెరికాలో సింథియా వాంగ్ బృందం చూపింది. బిడ్డను తోసే దశ కొంత పొడుగవుతుంది. పాత ఘాటు మోతాదుల కాలంలో వాక్యూమ్, ఫోర్సెప్స్ వాడకం ఎక్కువయ్యేది, 2005 తర్వాతి పరీక్షల్లో ఆ తేడా కనిపించలేదు. కొందరికి జ్వరం, దురద, మూత్రం ఆగడం ఉంటాయి. అయితే పది కాన్పుల్లో ఎనిమిది ఆపరేషన్‌గా ముగిసే చోట, ఎపిడ్యూరల్ తీసుకున్నవారికీ తరచూ ఆపరేషనే అవుతుంది. చూసినవాళ్లు కారణం సూదేనంటారు. ఆ లెక్క సూది వేయకముందు నుంచీ ఉన్నదే. గొట్టం ఉన్నవారికి నిజంగానే ఆపరేషన్ అవసరమైతే, మళ్లీ గుచ్చకుండా అదే గొట్టం ద్వారా మందు పెంచి చేయవచ్చు.

బిడ్డకు ఆటిజం వస్తుందన్న మాట 2020 అక్టోబరులో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక అధ్యయనంతో పుట్టింది. అందులో 1,47,895 మంది పిల్లల వివరాలున్నాయి గానీ తల్లుల మధ్య ఇతర తేడాలను తగినంత లెక్కలోకి తీసుకోలేదని మత్తు వైద్యుల, ప్రసూతి వైద్యుల సంఘాలు వెంటనే అభ్యంతరం చెప్పాయి. 2021లో డెన్మార్క్ అధ్యయనం అలాంటి సంబంధాన్ని కనుగొనలేదు.

మత్తు డాక్టరు ఎక్కడ ఉంటారు

మత్తు భద్రత గురించిన వాదం హైదరాబాద్‌కు కొత్త కాదు. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో ఇక్కడ రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పెట్టుకున్నాడు. ప్రమాదం శ్వాస ఆగడం వల్లే, గుండె వల్ల కాదన్న లారీ తీర్మానం తర్వాత తప్పని తేలింది. కానీ మత్తు ఇచ్చినవారు రోగి ఊపిరి మీంచి చూపు తిప్పకూడదన్న ఆయన పట్టుదల సరైనదే. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరున్న రూపాబాయి ఫుర్దూన్‌జీ ఈ నగరంలోనే చదివి, ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చింది. 

ఎపిడ్యూరల్‌లో భయపడాల్సిన చోటు కూడా ఇదే: మత్తు ఇచ్చాక చూపు తిప్పకుండా గమనించేవారు లేకపోవడం. మందు పట్టే మొదటి 20 నిమిషాలు ప్రతి అయిదు నిమిషాలకూ బీపీ చూడాలి, బిడ్డ గుండె చప్పుడు గమనించాలి. గొట్టం తెలియకుండా రక్తనాళంలోకి జారితే మూర్ఛ రావచ్చు, పొర లోపలికి జారితే ఊపిరి ఇబ్బంది పడవచ్చు. అందుకే ముందు కొద్ది మోతాదు ఇచ్చి పరీక్షిస్తారు. ఇలాంటివి అరుదు, కానీ జరిగినప్పుడు నిమిషాలే ఉంటాయి. చిన్న నర్సింగ్‌హోమ్‌లలో మత్తు డాక్టరు పిలిస్తే వచ్చేవారే ఎక్కువ. ఒకే సాయంత్రం రెండు మూడు ఆసుపత్రులు తిరుగుతారు. సూది వేసి వెళ్లిపోతే తర్వాత మందు పెంచేది ఎవరు, బీపీ పడితే చూసేది ఎవరు, రాత్రి రెండింటికి వచ్చేది ఎవరు? మత్తుమందు విషప్రభావానికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అక్కడ ఉందా? ‘నడుము నొప్పి వస్తుందా’ అనే ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఎనిమిదో నెల చెకప్‌లోనే అడగాలి, నొప్పులు మొదలయ్యాక అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

అందరికీ ఇది తగదు. ప్లేట్‌లెట్లు 70 వేల కంటే తక్కువ ఉంటే సాధారణంగా ఇవ్వరు. వానాకాలంలో డెంగీ వచ్చిన గర్భిణుల విషయంలో, బీపీ ముదిరినవారి విషయంలో ఇది ముఖ్యం. రక్తం పలుచన చేసే హెపారిన్ రకం ఇంజెక్షన్లు తీసుకుంటుంటే మోతాదును బట్టి 12 నుంచి 24 గంటలు ఆగాలి. చిన్న మోతాదు ఆస్పిరిన్ ఒక్కటే అయితే అడ్డంకి కాదు. సూది వేసే చోట చీము ఉన్నా, వెన్నుకు పాత ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి.

ఇంటికి వెళ్లాక కాళ్లలో బలం తగ్గడం, మొద్దుబారడం పెరగడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, జ్వరంతో పాటు నడుములో తీవ్రమైన నొప్పి, సూది గుచ్చిన చోట ఎర్రదనం లేదా చీము కనిపిస్తే మర్నాటి దాకా ఆగకూడదు. వెంటనే ఎంఆర్‌ఐ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నులో రక్తం గడ్డకట్టినా, చీము పట్టినా కొద్ది గంటల్లో తొలగిస్తేనే కాళ్లలో బలం తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.