ఉత్తర తెలంగాణలో ఉష్ణవిచ్ఛేదనం: బొగ్గుబట్టి నుండి రసాయన కర్మాగారం వరకు

ఉపోద్ఘాతం

గాలి సోకకుండా వేడిచేసినప్పుడు వృక్షపదార్థం మండదు, విడిపోతుంది. ఘనరూపంలో బొగ్గు, ద్రవరూపంలో తారు, ఆమ్లజలం, వీటితోపాటు మండే వాయువు లభిస్తాయి. ఈ ప్రక్రియనే ఉష్ణవిచ్ఛేదనం లేదా పైరాలిసిస్ అంటారు. పంటవ్యర్థాలనూ, వాడి పారేసిన ప్లాస్టిక్‌నూ ఉపయుక్త రసాయనాలుగా మార్చే మార్గంగా నేడు దీనిపై పరిశోధనలు సాగుతున్నాయి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు మాత్రం ఇది కొత్త విద్య కాదు. ఈ ప్రాంతం ఏ కాలంలో ఈ ప్రక్రియ నుండి దేనిని స్వీకరించింది, దేనిని విడిచిపెట్టింది అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఉక్కు మూసలో ఊక

ఉత్తర తెలంగాణ ఉక్కు ఖ్యాతి కట్టెబొగ్గుపై నిలిచింది. కరీంనగర్ సరిహద్దుకు సమీపాన ఉన్న నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు తయారీని హెన్రీ వాయిసీ స్వయంగా చూసి నమోదు చేశాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వివరణ 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుండి వర్తకులు అక్కడికి వచ్చేవారని అందువల్ల తెలుస్తున్నది. ఈ ప్రాంతపు మూసలను బంకమట్టిలో వరి ఊక కలిపి చేసేవారు. కొలిమి వేడికి ఆ ఊక గాలి అందక మూస గోడలోనే బొగ్గుగా మారి, మూసకు దృఢత్వాన్నిచ్చేది. పంటవ్యర్థపు ఉష్ణవిచ్ఛేదనానికి ఇది స్థానికమైన తొలి నిదర్శనాలలో ఒకటి.

2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి జరిపిన క్షేత్రసర్వేలో ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాలలో లోహపరిశ్రమ అవశేషాలు నమోదయ్యాయి. చిట్టెం కుప్పలు నిలిచి సాక్ష్యమిస్తున్నాయి. బొగ్గు కాల్చినవారి శ్రమకు అటువంటి గుర్తు మిగలలేదు. సంప్రదాయ బట్టీలో కట్టె బరువులో సుమారు నాలుగో వంతుకు మించి బొగ్గు దక్కదు. మిగిలినదంతా పొగగా పోయేది.

పొగను పట్టే ప్రయత్నం

ఆ పొగకు విలువ కట్టిన పరిశ్రమ దక్షిణాదిలో మైసూరు సంస్థానంలో వెలసింది. 1923లో ఉత్పత్తి ప్రారంభించిన భద్రావతి ఇనుప కర్మాగారం కట్టెను బట్టీపెట్టి, బొగ్గుతోపాటు మిథనాల్, తారు వంటి ఉత్పత్తులనూ రాబట్టింది.

ఉత్తర తెలంగాణలో ఇదే ఆలోచన నేలబొగ్గు రూపంలో వచ్చింది. నేలబొగ్గు కూడా ప్రాచీన వృక్షశేషమే. హైదరాబాద్ రాజ్యం 1944లో స్థాపించిన పరిశోధనశాల 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా జాతీయ వ్యవస్థలో చేరింది. 1948 నుండి 1962 వరకు దానికి సారథ్యం వహించిన సయ్యద్ హుసేన్ జహీర్ కాలంలో సింగరేణి బొగ్గు అల్పోష్ణ కర్బనీకరణంపై కృషి జరిగింది. సింగరేణి బొగ్గు ఉక్కు పరిశ్రమకు కావలసిన కోకింగ్ రకం కాదు. అందువల్ల దానిని సుమారు 500 నుండి 700 డిగ్రీల సెల్సియస్ వద్ద విచ్ఛేదించి, పొగరాని ఇంధనాన్నీ తారునూ పొందడమే ఆ కృషి ఉద్దేశం. ఆదిలాబాద్ జిల్లా నస్పూర్‌లో ఈ లక్ష్యంతోనే కోల్ కెమికల్ కాంప్లెక్స్ ఏర్పడింది. నేడు మంచిర్యాల జిల్లాలో ఉన్న ఆ ఊరి పరిసరాలను ప్రజలు ‘సీసీసీ’ అనే పిలుస్తారు. ఆ మూడక్షరాలలో ఒక పారిశ్రామిక ఆశయపు చరిత్ర దాగి ఉంది.

వర్తమాన ప్రశ్న

కరీంనగర్ రైస్ మిల్లుల ఊక, ఆదిలాబాద్ పత్తి చేల కట్టె నేటి ముడిపదార్థాలు. వృక్షవ్యర్థం నుండి వచ్చే నూనెలో ఆక్సిజన్, నీరు ఎక్కువ. అది ఆమ్లగుణం కలది, నిల్వకు ఆగదు. పాలిథిన్ వంటి ప్లాస్టిక్‌లో హైడ్రోజన్ ఎక్కువ. రెండింటినీ కలిపి విచ్ఛేదిస్తే నూనె నాణ్యత మెరుగయ్యే అవకాశం ఉంది. పీవీసీ కలిస్తే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి యంత్రాలను తినివేస్తుంది. అందువల్ల చెత్తను వేరుచేయడం ఈ రసాయనశాస్త్రంలో మొదటి మెట్టు.

ముగింపు

బొగ్గుబట్టి ఘనాన్ని మాత్రమే ఏరుకొని అడవికి పొగ మిగిల్చింది. నస్పూర్ ప్రయత్నం ద్రవానికీ విలువ వెదికింది. ఘనం, ద్రవం, వాయువు మూడింటికీ స్థానికంగా వినియోగం ఏర్పడినప్పుడే ఈ విద్య పరిశ్రమగా నిలబడగలదు. ప్రయోగశాలలో నూనె ఎంత వచ్చిందన్న లెక్కతోపాటు, మిగిలినది ఎవరి గాలిలో, ఎవరి నేలలో కలిసిందన్న లెక్క కూడా భావి పరిశోధనలో చేరవలసి ఉంది.