అనుక్రమణిక నుండి డి.వి.డి. పట్టిక వఱకు

నేడు నేను మాటాడ బూనిన విషయము మీకు వింతగా దోచవచ్చును. ఇంట దీసికొన్న చలనచిత్రమును డి.వి.డి. యను బిళ్లమీది కెక్కించునపుడు, దాని మొగమున నొక పట్టిక నిలిపి, కోరిన ఘట్టమునకు నేరుగా బోవుటకు దారి యేర్పఱచెదరు గదా. ఆ యేర్పాటు ఎట్లు పుట్టినది, ఎట్లు మన యిండ్లకు వచ్చినది యనునదే నా ప్రసంగము. కావ్యములు పాఠము చెప్పుకొని పింఛను పుచ్చుకొన్న వానికి దీనితో బనియేమని మీ రడుగవచ్చును. ఆ పని మా తల్లిగారివలన గలిగినది. ఆ సంగతి తరువాత మనవి చేసెదను.

పెద్ద గ్రంథములో గోరినచోటు దొరకించుకొనుట మనవారికి గ్రొత్త చిక్కు గాదు. భారతమున ఆదిపర్వము మొదటనే అనుక్రమణికాపర్వమును, దానివెంటనే పర్వసంగ్రహపర్వమును ఉన్నవి. ఈ రెండవదానిలో నూఱు ఉపపర్వముల పేళ్లును, పదునెనిమిది పర్వములలో నొక్కొక్కదాని కధ్యాయము లెన్ని, శ్లోకము లెన్ని యనునదియు జెప్పబడినవి. ఋగ్వేదమునకు గాత్యాయనుడు సర్వానుక్రమణి రచించెను. సూక్తము మొదటి మాట, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు. ఇవి యందు జెప్పబడినవి. ఆ మొదటిమాట యందించినచో వేదపాఠికి దక్కిన సూక్తమంతయు దానే నోట బలుకును. తాటియాకుల కట్టలో నాకు అంచున అంకె వేయుటయు నిట్టి యుపాయమే. త్రాడు తెగి యాకులు చెదరిననాడు ఆ యంకెయే దిక్కు.

చలనచిత్రమునకు జాలకాలము ఈ సౌకర్యము లేదు. 1976లో జపాను దేశమున జె.వి.సి. వారు వి.హెచ్.ఎస్. కాసెట్టును విడుదల చేసిన పిదప బొమ్మ యింటికి వచ్చినది గాని, కోరినచోటికై టేపును ముందునకో వెనుకకో చుట్టుచు గూర్చుండుటయే గతి. 1978 డిసెంబరులో అమెరికాలోని అట్లాంటా నగరమున అమ్మకమునకు వచ్చిన లేజరు పళ్లెము ఈ బంధమును ద్రెంచినది. అందొక రకపు పళ్లెమున ఒక్కొక్క ప్రక్కను 54,000 బొమ్మలు. ప్రతి బొమ్మకును నొక యంకె. అంకె నొక్కినచో నాబొమ్మ తెఱమీద నిలుచును. ఆ కాలముననే ఎం.ఐ.టి. యను విద్యాలయమువారు ఆస్పెన్ అను కొండయూరి వీధులను జిత్రించి పళ్లెములపై నుంచి, చూచువాడు కూడలికడ కుడికో యెడమకో తనయిచ్చ దిరుగునట్లు చేసిరి. తాటియాకు మీది యంకె గాజుతెఱకు వచ్చినదని నే ననుకొందును. 1982లో వెలువడిన సోనీ, ఫిలిప్సు వారల సంగీతపు బిళ్లకు 99 పాటలవఱకు పట్టిక గలదు. అది బిళ్ల లోపలి యంచుననే లిఖింపబడి యుండును.

తరువాత రెండు కూటములవారు రెండువిధముల బిళ్లలను సిద్ధపఱచి పోటీపడి, 1995లో రాజీపడిరి. దాని ఫలమే డి.వి.డి. 1996 నవంబరులో జపానునను, 1997 మార్చిలో అమెరికాలోను దాని యంత్రములు అంగళ్లకు వచ్చినవి. ఒక్క పొరగల బిళ్లలో 470 కోట్ల బైట్లు పట్టును. ఒక బిళ్లపై 99 చిత్రములవఱకును, ఒక్కొక్క చిత్రమున పెక్కు ఘట్టములును ఉండవచ్చును.

దీని పట్టిక పనిచేయు తీరు వినదగినది. తెఱమీద మనకు గనబడు పట్టిక వట్టి బొమ్మ. యంత్రమునకు అక్షరములు తెలియవు. కావున తెలుగున వ్రాసినను, సంస్కృతమున వ్రాసినను దానికి సమానమే. ఆ బొమ్మపై నాలుగు రంగులకు మించని పలుచని పొర యొకటి పఱచెదరు. చిత్రము క్రింద సంభాషణలు వ్రాయుటకు వాడునదియు నిట్టి పొరయే. ఆ పొరపై మీటల చోట్లు గుర్తించెదరు. ఒక పుటలో నవి 36 వఱకు నుండవచ్చును. ప్రతి మీటకును, పైకి నొక్కిన నేమీటకు బోవలెను, క్రిందికి, కుడికి, ఎడమకు నొక్కిన నేమీటకు బోవలెను అని నలుదిక్కుల పొరుగువారిని జెప్పవలయును. చెప్పనిచో వెలుగు అక్కడనే నిలిచిపోవును. ఘట్టము ముగిసిన పిదప మరల పట్టికకు రమ్మనుట గూడ మనమే వ్రాయవలెను. ఊరి పొలిమేరలు వ్రాయు కరణమునకు ఈ పని సులభముగా నబ్బియుండును.

మొదట నిది యింట జేయు పని గాదు. 1997లో పయనీరు వారమ్మిన మొదటి లేఖనయంత్రము వెల పదునేడువేల డాలర్లు. నియమములు గల గ్రంథమును 5,000 డాలర్లిచ్చి, రహస్యము బయటపెట్టమని యొడంబడిక వ్రాసియిచ్చి గాని పొందరాదు. 2001 జనవరిలో ఆపిల్ వారు అట్టి లేఖనయంత్రమును కంప్యూటరులోనే యమర్చి, 'ఐడీవీడీ' యను సాధనమును జతచేసిరి. పట్టిక కూర్చుట అప్పటినుండి గృహస్థుని చేతికి వచ్చినది. గ్రంథము కొనలేని యుత్సాహవంతులు కొందఱు బిళ్లలనే పరిశీలించి యందలి యాజ్ఞల యర్థము నూహించి, 'డీవీడీఆథర్' వంటి సాధనములను రచించి యుచితముగా బంచిరి. శిథిలప్రతినుండి పాఠము సాధించు పండితుల పనికిని దీనికిని భేదము నాకు గానరాలేదు.

ఇక మా యింటి సంగతి. మా తండ్రిగారు వానలు లేని యేట విరాటపర్వము పురాణము చెప్పుచుండెడివారు. 1996లో నైదు సాయంకాలములు, దినమున కరగంట చొప్పున, బంధువొకడు దానిని వి.హెచ్.ఎస్. కాసెట్టున బట్టెను. 2001లో తండ్రిగారు స్వర్గస్థులైరి. తల్లిగారు తఱచుగా నా కాసెట్టు పెట్టుమని యడుగుచు, ఒకచోటు కోసము చుట్టించుచు, మరల చుట్టించుచు నుండగా టేపు నలిగి బొమ్మపై గీతలు పడసాగెను. పట్టణమున నొక దుకాణమువారు దానిని బిళ్లకెక్కించి యిచ్చిరి గాని, పట్టికలేదు, ఘట్టములులేవు. రెండున్నర గంటలు ఏకాండముగా నుండెను.

2008లో మా మేనల్లుడు, "మామయ్యా, పట్టిక మనమే చేద్దాం, మీరు విభజించి ఇవ్వండి" అనెను. నేను పాండిత్యము జూపితిని. తిక్కనగారి విరాటపర్వమున నాశ్వాసము లైదు గావున ఐదు మీటలు. ఒక్కొక్కదాని లోపల మఱియొక పుట. అందు కీచకవధ, దక్షిణగోగ్రహణము మొదలగు కథాభాగములు. చూచుటకు ముచ్చటగా నుండెను. తల్లిగారు రిమోటు పుచ్చుకొని రెండవ పుట దాటులోపల దారి తప్పిరి. వెనుకకు వచ్చు మీట నేను పెట్టియుండలేదు. పిమ్మట ఆమె యడిగినది: "నాయనా, మీ నాన్నగారు చదువుతూ చదువుతూ ఆగి నన్ను మంచినీళ్ళు అడిగిన చోటు ఎక్కడ పెట్టావురా?"

నా పట్టికలో నది లేదు. మూడవనాటి పురాణము నడుమ ఆయన పుస్తకముపై వ్రేలుంచి, లోపలికి జూచి, "ఏమే, కాసిని మంచినీళ్ళు" అనును. నాలుగైదు క్షణముల మాట. ఇన్ని సంవత్సరములు టేపు నలిగినది దానికొఱకే యని నాకు నాడు దెలిసెను. లోపలి పుటలన్నియు దీసివేసితిమి. ఒకే పుట, ఆరు మీటలు, పెద్ద తెలుగక్షరములు. తెఱ వెలుగగానే వెలుగు 'మంచినీళ్ళు' అను మీటమీదనే నిలుచును. చివరి మీటకడ క్రిందికి నొక్కిన మరల మొదటికే వచ్చును. ఆ ఘట్టము ముగియగానే పట్టిక తిరిగి వచ్చును. తల్లిగారు 2014 వఱకు ఆ మీట నొక్కుచునే యుండిరి.

నేటి కంప్యూటర్లలో జాలవాటికి బిళ్ల పెట్టు చోటే లేదు. గడచినయేడు మేనల్లుడు చిత్రమును నా ఫోనులోనికి మార్చియిచ్చెను. చిత్రము వచ్చినది గాని పట్టిక రాలేదు. ఒక కాగితముపై ఆఱు పంక్తులు వ్రాసి ఫోను వెనుక నంటించుకొంటిని. మొదటి పంక్తి: మంచినీళ్ళు, 1 గంట 12 నిమిషములు 40 సెకండ్లు.